మూడు తాటిమొద్దులు

నా చిన్నప్పుడు రుద్రంగి పక్కన మా ఊరి నుంచి రోడ్డెక్కాలంటే వాగు దాటాలి. దాని మీద వంతెనంటే మూడు తాటిమొద్దులే. వాటిని వేసింది మా తాతయ్య. కల్లు కోసం తాటిచెట్లు గీసే మనిషి కదా, ఏ చెట్టులో ఎంత చేవ ఉందో ఆయనకు తెలుసు. ఒక మొద్దుకు మొదలు ఇటు పెడితే, పక్క మొద్దుకు మొదలు అటు పెట్టాడు. తాటిచెట్టు మొదట్లో లావు, కొసన సన్నం. మొదళ్లన్నీ ఒకే వైపు ఉంటే అవతలి ఒడ్డున కాలు పెట్టే చోటే ఉండదు. మొద్దులు దొర్లకుండా రెండు ఒడ్లలోనూ పక్కన రాళ్లు దోపాడు. ఏ ఇంజనీరూ వచ్చి చూడలేదు గానీ, ఊరంతా మూటలతో దాని మీదే నడిచేది.

రెండేళ్ల కరువుకు తాటిచెట్లు కూడా ఎండాయి. మా బాపు బొంబాయి పోవడానికి సిద్ధమయ్యాడు. బయల్దేరే రోజు పొద్దున కోరుట్లలో, పనికి తీసుకుపోయే మేస్త్రీ ఎదురుచూస్తాడు. బస్సు తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఇంట్లో జొన్నలు అడుగంటాయని నాకూ తెలుసు. అయినా బాపు వెళ్లకూడదు, అంతే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

రెండేళ్లు ముఖం చాటేసిన వాన సరిగ్గా ఆ వారమే కురిసింది. వాగు ఎర్రగా, మొద్దులకు జానెడు కిందుగా పారుతోంది. ప్రయాణం రోజు తెల్లవారగానే పరుగెత్తుకెళ్లి, మా ఒడ్డున చివరి మొద్దుకు ఆపుగా ఉన్న రాయిని కట్టెతో పెకలించి నీళ్లలోకి తోశాను. మొద్దు పక్కకు జరుగుతుంది, ప్రయాణం ఆగుతుంది అనుకున్నాను. మొద్దు కదల్లేదు. చూడటానికి ఎప్పటిలాగే ఉంది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. తెలియక కాలు పెట్టినవాళ్లు వాగులో పడతారు. చెబితే వీపు పగులుతుంది. అక్కడే బిగుసుకుపోయి కూర్చున్నాను.

అంతలో బాపు నెత్తిన మూటతో వచ్చాడు. వెనకాల అవ్వ, తాతయ్య. బాపు మొద్దుల దాకా వచ్చేశాడు. తాతయ్య ఒకసారి మొద్దుల కిందికి చూశాడు, ఒకసారి నా మోచేతుల దాకా ఉన్న బురద వైపు చూశాడు.

“ఆగు కొడుకా. వాగచ్చినంక కట్టినోడే ముందుగాల నడువాలె. నేను పోయి సూసొస్త,” అని చివరి మొద్దు మీదికి కాలెత్తాడు.

ఆ కాలు ఇంకా గాలిలోనే ఉంది.

“వద్దు తాతా! రాయి నేనే తీసిన!” అని అరుస్తూ ఆయన రెండో కాలు కరుచుకున్నాను.

బాపు మూట దించి చెయ్యెత్తాడు. తాతయ్య అడ్డం నిలబడ్డాడు.

“బాపు పోవద్దని తీసినవా బిడ్డా?”

తలూపాను.

“మరి మల్ల ఎట్ల అస్తడే? పోవుడు దీని మీదికెల్లే, అచ్చుడు దీని మీదికెల్లే. గీ ఒడ్డుకెంత బలమో గా ఒడ్డుకు గంతే బలం పెట్టిన.”

కొత్త రాయి నా చేతే వెతికించాడు, నా చేతే దోపించాడు. తన గొడ్డలిని తిరగేసి రాయిని కొట్టి బిగించి, ముందు తాను దాటి వచ్చాడు. తర్వాత బాపు వెళ్లాడు. నేను దోపిన రాయి మీదుగానే బాపు నాకు దూరమయ్యాడని వెక్కి వెక్కి ఏడ్చాను. తాతయ్య నా బురద చూడగానే అంతా గ్రహించాడనీ, ఆ కాలు మొద్దు మీద మోపే కాలు కాదనీ చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. రెండు ఎండాకాలాలు పోయాక బాపు నెత్తిన రేకుపెట్టెతో ఆ మొద్దుల మీదుగానే ఇల్లు చేరాడు.

నా పెళ్లయ్యాక మా ఆయన దుబాయి వెళ్లే రోజు వచ్చింది. ఆయన పాస్‌పోర్టును జొన్నపిండి డబ్బాలో దాచేశాను. బుద్ధులు ఎక్కడికి పోతాయి! ఆయన చెమటలు కక్కుతూ ఇల్లంతా వెతుకుతుంటే, గాలిలో ఆగిన తాతయ్య కాలు కళ్లముందు నిలిచింది. లేచి, పాస్‌పోర్టు తీసి, పిండి దులిపి ఆయన చేతికిచ్చాను.

“మల్ల ఎప్పుడస్తవు?” అని మాత్రం అడిగాను.