తాళాలాయన నేర్చుకున్న పలకరింపులు

మా ఆయన ఇంటికి తాళం వేస్తే ఒకసారి లాగి చూసి ఊరుకోరు. వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగుతారు. హోటల్లో తాళాలు బాగుచేసే పని ఆయనది. ఏ తాళం ఎంత సులువుగా ఊడొస్తుందో తెలిసిన మనిషికి లోకం మీద నమ్మకం ఎలా ఉంటుంది? పాలవాడు నవ్వితే పాలల్లో నీళ్లు కలిశాయంటారు. పక్కింటావిడ మా కిటికీ తెరలు బాగున్నాయంటే ఏదో అడగబోతోందంటారు. అనుమానం పెనుభూతమంటారు కదా, మా ఇంట్లో ఆ భూతానికి విడిగా ఒక కుర్చీ కూడా ఉంది. సాయంత్రం ఆయన కూర్చునేది అందులోనే.

అలాంటి మనిషి ఒకరోజు స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, మెత్తటి గొంతుతో ఎవరినో పలకరిస్తున్నారు. తలుపుకి చెవి ఆనించాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ గొంతులో ఉన్న మర్యాద ఇన్నేళ్లలో నాకెప్పుడూ దక్కలేదు. ఒళ్లు మండింది.

"ఎవరితోనండీ ఆ సరసం?" అన్నాను, ఆయన బయటికి రాగానే.

"సరసమా, నా బొందా. ఇటాలియన్," అన్నారు మొహం తుడుచుకుంటూ.

సంగతేమిటంటే, ఇటలీ నుంచి వచ్చే ఇంజనీర్ల బృందం హోటల్లో ఒక అంతస్తంతా అద్దెకు తీసుకుంది. వాళ్ల గదుల్లోకి అడుగుపెట్టే పనివాళ్లందరూ నాలుగు పలకరింపులు నేర్చుకుని తీరాలని మేనేజరు హుకుం. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి ఆ భాష వచ్చట. రోజూ భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి నేర్పుతోంది.

"తాళం బాగుచేసేవాడికి మాటలెందుకు?" అన్నారాయన. "ఇందులో ఏదో ఉంది. రేపు కార్డు తాళాలు పెట్టి నన్ను పంపించేస్తారు చూడు. వెళ్లేటప్పుడు మర్యాదగా వెళ్లాలని ఇప్పట్నుంచే నేర్పిస్తున్నారు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేర్చుకోండి, పోయేదేముంది?"

"అతి వినయం ధూర్త లక్షణం అని కూడా అంటారు."

ఆ భాషలో ఆయనకు అనుమానం రాని మాట లేదు. పొద్దున బోంజోర్నో అనాలట, సాయంత్రమైతే బోనసేరా అనాలట. పలకరింపుకి కూడా గడువు పెట్టిన వాళ్లు మనుషులకు పెట్టరా అన్నారు. గ్రాత్సియే అంటే కృతజ్ఞతలు. దానికి బదులు ప్రేగో. దారి ఇచ్చినా ప్రేగో, కుర్చీ చూపించినా ప్రేగో. ఇన్ని చోట్ల పనికొచ్చే మాట దొంగ తాళంచెవి లాంటిదని ఆయన తీర్మానం.

ఒక్క మాట మాత్రం ఆయనకు నచ్చింది. పెర్మెస్సో. ఎవరి గదిలోకైనా వెళ్లేటప్పుడు, తలుపు బార్లా తీసున్నా సరే, గడప దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అన్నట్టు ఆ మాట అనాలట. లోపలున్నవాళ్లు అవాంతి, అంటే రండి, అన్నాకే అడుగుపెట్టాలి. "ఇది పద్ధతి," అన్నారు. "తాళం లేకపోయినా తాళం ఉన్నట్టే."

ఇక ఇంట్లో నేను ఇటలీ ఇంజనీరునయ్యాను. నేను గదిలో కూర్చుని టైలరు ఇచ్చిన చొక్కాలకి కాజాలు కుట్టుకుంటుంటే ఆయన బయట నిలబడి పెర్మెస్సో అనేవారు. నేను అవాంతి అనేదాన్ని. లోపలికొచ్చి, చేతులు కట్టుకుని, "కోమే స్తా?" అని అడిగేవారు, అంటే ఎలా ఉన్నారని. "బేనే, గ్రాత్సియే. ఎ లేయి?" అని నేను చెప్పాలి. బాగున్నాను, మరి మీరు అని.

బాగున్నాను అనే మాట ఏ భాషలో చెప్పమన్నా నాకు తడుముకునే పని లేదు. అదే నా రహస్యం. చలికాలం మొదట్లో నా ఎడమ కంటికి పొగమంచు లాంటి తెర అడ్డం పడింది. అది రాన్రానూ చిక్కబడుతోంది. ఎవరికీ చెప్పలేదు. సూదిలో దారం వేళ్లతో తడిమి ఎక్కిస్తున్నాను. చెబితే టైలరు నాకు కాజాల పని ఇవ్వడు, అది ఒక కారణం. అసలు కారణం భయం. ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టరు నోటి వెంట వినే ధైర్యం నాకు లేదు.

ఇంత అనుమానపు మనిషి పక్కన ఎలా దాచావంటారా? ఆయన పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ "ఎలా ఉన్నావ్?" అంటారు. నేను పొయ్యి దగ్గర నుంచి "బాగానే ఉన్నా" అంటాను. అడిగినాయనా వినరు, చెప్పిన నేనూ వినను. ఊరందరినీ అనుమానించే మనిషి ఆ ఒక్క మాటని ఎన్నడూ అనుమానించలేదు.

చిక్కు పాఠంలోనే వచ్చింది. ఒంట్లో బాగాలేకపోతే ఏమనాలి అని ఆయన రిసెప్షన్ అమ్మాయిని అడిగారట. "అప్పుడూ బేనే అనే అంటారండీ చాలామంది. అది పలకరింపే, ఆరా తీయడం కాదు," అందట ఆ అమ్మాయి.

ఆ సాయంత్రం ఆయన ఆ సంగతి నాకు చెప్పి, కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే అడిగేవాడికి నిజం అక్కర్లేదు, చెప్పేవాడు నిజం చెప్పడు. ఇంతమంది కలిసి ఏం దాస్తున్నట్టు?" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఎడమ కంటి మీదికి పోయింది. వెంటనే జుట్టు సర్దుకున్నట్టు నటించాను.

ఆ తర్వాత ఆయన చూపు మారింది. తాళంలోకి చూసే చూపుతో నన్ను చూడటం మొదలుపెట్టారు. నా మంచినీళ్ల గ్లాసు ఎప్పుడూ ఉండే చోటు నుంచి ఎడమకి జరిగి ఉండేది. నేను దాన్ని తడుముకుంటుంటే ఆయన పేపరు చదువుతున్నట్టుండేవారు. ఎడమ వైపు నుంచి చప్పుడు లేకుండా వచ్చి నిలబడేవారు. నాకు తెలిసేది కాదు, ఆయన గొంతు సవరించుకుంటే ఉలిక్కిపడేదాన్ని. ఆయనకు తెలిసిపోయిందా, లేదా? అడగలేను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

సెలవు రోజు మధ్యాహ్నం నేను మంచం మీద కూర్చుని కుడుతున్నాను. ఆయన పాత తాళం ఒకటి తెచ్చి, అందులో తాళంచెవి పెట్టి తిప్పారు. గిర్రున తిరిగింది.

"చూశావా? జనం ఇది మంచి తాళమనుకుంటారు. మరీ తేలిగ్గా తిరిగిందంటే లోపల ఏదో అరిగిపోయిందని అర్థం," అన్నారు. తర్వాత అదే గొంతుతో, "కోమే స్తా?" అన్నారు.

"బేనే, గ్రాత్సియే. ఎ లేయి?"

ప్రశ్న పూర్తవకముందే నా జవాబు వచ్చేసింది. ఆయన చేతిలో తాళాన్ని చూశారు, నన్ను చూశారు. లేచి బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు. వీధి తలుపు లాగి చూడటానికి వెళ్లారేమో అనుకున్నాను.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"పెర్మెస్సో," అన్నారు.

అది పాఠం కాదని నాకు తెలిసిపోయింది. ఆ తలుపుకి గడియ కూడా లేదు. ఇనప తీగ ముక్క ఉంటే హోటల్లో ఏ గదైనా తెరవగల మనిషి, సొంత ఇంట్లో వేలితో నెడితే తెరుచుకునే తలుపు బయట నిలబడ్డారు. మళ్లీ తట్టలేదు, వెళ్లిపోనూ లేదు. నాకు ఏడుపొచ్చింది. సూది బట్టకు గుచ్చి పక్కన పెట్టాను.

"అవాంతి," అన్నాను.

ఆయన తన కుర్చీ మోసుకుంటూ వచ్చి నా పక్కన వేసుకుని కూర్చున్నారు.

"ఏ కన్ను?" అన్నారు.

"మీరు కూర్చున్న వైపుది."

"ఎంత కనిపిస్తోంది?"

"మీరు కనిపించట్లేదు."

కుర్చీ కిర్రుమంది. "ఎలా ఉన్నావ్?" అన్నారు. తెలుగులోనే అడిగారు.

"బాగాలేనండీ. భయంగా ఉంది."

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం," అన్నారు. "ఆయన ఏమీ లేదన్నా నేను నమ్మను. ఇంకో డాక్టరుకి కూడా చూపిద్దాం."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన లేచి కుర్చీ ఎత్తి, నా చుట్టూ తిరిగి వచ్చి, కుడి వైపు వేసుకుని కూర్చున్నారు.