మిషన్లమ్మ గొంతులో నల్లచుక్క

ఆస్పత్రిలో ఆవిణ్ణి అందరూ మిషన్లమ్మ అంటారు. నాన్న రేడియోల దుకాణంలో టంకం పెట్టడం నేర్చుకుని, ఆపైన డిప్లొమా చదివింది. ఈసీజీ మొదలుకొని స్కానింగ్ దాకా ఏది మొరాయించినా తనే చూడాలి. స్కానింగ్ మిషన్ బాగుచేశాక ఆఖరి పరీక్ష మాత్రం తన గొంతు మీదే. చల్లటి జెల్ పూసుకుని, లోపలి బొమ్మ పట్టే ప్రోబ్‌ని ఆనించి, తెర మీది బూడిదరంగు మబ్బుల్లో తన నెత్తురు కొట్టుకోవడం చూస్తుంది. ఆ కాసేపూ గదిలో మాటలు నీళ్లడుగు నుంచి వస్తున్నట్టుంటాయి. ఈ పనిలో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఆ ఉదయం మబ్బుల మధ్య బఠాణీ గింజంత నల్లటి గుండ్రం కనిపించింది.

ప్రోబ్ పాడైందనుకుని వేరేది తగిలించింది. నలుపు అక్కడే ఉంది. కేబుల్ మార్చింది. బోర్డు ఊడదీసి, తుడిచి, బిగించింది.

"అక్కా, ఇంకెంతసేపు? బయటివాళ్లు నన్ను పీక్కుతింటున్నారు," అంది స్కానింగ్ అమ్మాయి.

"తెరలో మచ్చ పడుతోందే. కాస్త ఆగు."

అమ్మాయి ప్రోబ్ లాక్కుని తన గొంతు మీద పెట్టుకుంది. మచ్చ లేదు. మిషన్లమ్మ గొంతు మీద పెట్టింది. ఉంది.

"మిషన్ బాగానే ఉందక్కా," అంది మెల్లగా.

"నీ మెడ సన్నం. అందుకే తేడా."

"నా మెడ సన్నమని మా అమ్మ కూడా అనలేదు. మాట మార్చకు, పడుకో. డాక్టరమ్మని పిలుస్తా."

ఇన్నేళ్లలో ఆ బల్ల మీద పడుకోవడం అదే మొదలు. మిషన్లమ్మ వాళ్లమ్మ గొంతులో గడ్డ బయటపడేసరికే చేయిదాటిపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తెర అటు తిరిగి ఉంది. డాక్టరమ్మ కళ్లద్దాల్లో బూడిదరంగు వెలుగు మెల్లగా కదులుతోంది. అందులో ఏమైనా కనిపిస్తుందేమోనని మిషన్లమ్మ చూస్తూనే ఉంది.

"నీళ్లతిత్తిలా ఉంది. సూదితో లాగి ల్యాబ్‌కి పంపుదాం. నాకైతే భయపడేదేం కనిపించట్లేదు. దీనికా పొద్దున్నుంచీ బోర్డులు విప్పుతున్నావు?"

"అవునండీ. తెర కాస్త ఇటు తిప్పరూ?"

సూది దిగింది. నల్లటి గుండ్రం చిన్నదవుతూ, చుట్టూ మబ్బులు దగ్గరకు జరుగుతూ, చివరికి మూసుకుపోయింది.

"ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో."

"నేను చూసుకుంటూనే ఉంటాను కదండీ."

"నువ్వు చూసేది మిషన్ని."

బయట ఎవరో తలుపు తట్టారు. మిషన్లమ్మ ఇంకా లేవలేదు. గొంతు మీద జెల్ మెల్లగా ఆరుతోంది.