నా దాంట్లో బతికింది

మా బావ కుట్టుమిషన్ల మెకానిక్కు. నేను కాజాలు కుట్టే వర్క్‌షాపులో ముప్ఫై ఆరు మిషన్లకీ ఆయనే వైద్యుడు. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, వేళ్ళకి ఎప్పుడూ నూనె. మా అక్కని చేసుకుని పదిహేడేళ్ళయినా గోడకి మరక అంటించకుండా ఇంట్లోకి రావడం నేర్చుకోలేదు. మరదల్ని కాబట్టి ఇలాంటివి చెప్పే హక్కు నాకుంది.

ఆయనకి జీతం రాని పని ఇంకొకటి ఉంది. ఎనిమిదేళ్ళ కిందట మిషన్ల బొమ్మలు, వివరాలు చూసుకోవడానికి ఒక చిన్న టాబ్లెట్ కొన్నాడు. పాటలకీ సినిమాలకీ అని అమ్మిన సరుకు అది. ముందువైపు రెండు గట్టి స్పీకర్లు, పక్కన నొక్కే బటన్లు. కొన్నాక రెండేళ్ళు తిరక్కుండానే కంపెనీ చేతులెత్తేసింది. లోపలి సాఫ్ట్‌వేర్‌ని పట్టించుకునే నాథుడు లేక టాబ్లెట్లు ఒక్కొక్కటే మొండికేశాయి. వాటిని పారేయడానికి మనసొప్పని జనం ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, టాబ్లెట్‌ని నిద్రలేపి నడిపించే ఆ లోపలి సాఫ్ట్‌వేర్‌ని, అంటే ఫర్మ్‌వేర్‌ని, తామే రాసుకోవడం మొదలుపెట్టారు. రాసిందంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు, ఊరికే వాడుకోవచ్చు. బావ ఏదో సందేహం అడగడానికి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయాడు. కొన్నాళ్ళకి కొత్త వెర్షన్లు తయారుచేసి విడుదల చేసేవాడు ఆయనే అయ్యాడు. అక్కడ ఆయన పేరు నూనెడబ్బా. ఆ పేరు నా చలవే.

గుంపులో నూటపన్నెండు మంది. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అయినా వాళ్ళకొక కట్టుబాటు ఉంది. వెర్షన్ తయారుచేసినవాడు ముందు తాను రోజూ వాడుకునే టాబ్లెట్‌లోనే దాన్ని ఎక్కించాలి. ఒక రోజంతా వాడాలి. అప్పుడు దాని కింద "నా దాంట్లో బతికింది" అని రాయాలి. ఆ మాట పడ్డాక, శనివారం సాయంత్రం నాలుగింటికి అందరూ కలిసి ఎక్కించుకుంటారు. ఎవరికైనా చిక్కొస్తే చెప్పేవాళ్ళు దగ్గరుంటారని ఆ ఏర్పాటు. సంతకాలూ గ్యారంటీలూ ఏమీ లేవు. ఉన్నది ఆ ఒక్క మాటే.

నిరుడు మా అక్కకి గొంతు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. తీసేస్తారని నెల ముందే తెలుసు. ఆ నెలంతా అక్క వంటగది తలుపేసుకుని తన గొంతుతో ఆరువందల నలభై మాటలు రికార్డు చేసింది. "చెప్పండి", "కాదు", "రేపు రండి", "నీ మొహం" దాకా అన్నీ. బావ తన టాబ్లెట్ ఆమెకిచ్చేశాడు. పక్క బటన్ నొక్కగానే తాళం తీయకుండానే మాటల గళ్ళు వచ్చేలా మార్చాడు. గడి మీద వేలు పెడితే అక్క గొంతు పలుకుతుంది. ఫోన్‌లో పెట్టుకోవచ్చుగా అని నేనూ అన్నాను. పెట్టి చూశాడు. ఫోన్ పీలగొంతు అద్దం అవతలికి వినపడదు, మాట వచ్చేలోపు ఎదుటి మనిషి రెండో ప్రశ్న అడిగేస్తాడు.

అద్దం అని ఎందుకన్నానంటే, అక్క నీళ్ళ కనెక్షన్ల ఆఫీసులో విచారణల కౌంటర్ మీద పనిచేస్తుంది. సెలవు అయిపోయింది. సోమవారం పదింటికి పెద్దాఫీసరు గంటసేపు పక్కన కూర్చుని చూస్తాడు. జనంతో మాట్లాడగలిగితే కౌంటర్ మళ్ళీ ఆమెదే. లేకపోతే వెనక రికార్డుల గదికి పంపుతారు. మనిషి అలికిడి లేని ఆ గదంటేనే అక్కకి భయం.

ఆ వారమే గుంపులో ఒకరి టాబ్లెట్ చార్జింగ్‌లో కాలిపోయేంత వేడెక్కి బ్యాటరీ ఉబ్బింది. అందరూ బెదిరిపోయారు. శనివారానికల్లా కొత్త వెర్షన్ ఇస్తానని బావ మాటిచ్చాడు. చార్జింగ్ సంగతి సరిచేశాడు. పనిలో పనిగా తెరని వెలిగించే పద్ధతి కూడా కాస్త మార్చాడు. ఈ టాబ్లెట్లలో తెరలు రెండు రకాలు, మొదటి ఏడాదివి పాతవి, తర్వాతవి కొత్తవి. అక్క చేతిలో ఉన్నది పాత తెరది.

శనివారం నాకు ఒంటిపూట పని. రెండున్నరకి ఇంటికొచ్చేసరికి బావ ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఎండిపోయింది.

"ఏంటి బావా, నూనె తాగావా, మొహం అలా పెట్టావు?" అన్నాను.

నవ్వలేదు. "రేడియో తాత ఇంకా రాయలేదు" అన్నాడు.

రేడియో తాత అంటే గుంపులో అందరికంటే పెద్దాయన, రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. నాలుగు దాకా ఆగడం ఆయన వల్ల కాదు. ఆ మాట పడగానే ఎక్కించేసుకుని, పది నిమిషాల్లో "తాత బతికే ఉన్నాడు" అని రాస్తాడు. ఇవాళ బావ పదకొండింటికి మాట రాస్తే, ఇప్పటికీ తాత దగ్గర్నించి ఉలుకూ పలుకూ లేదు.

"నిద్రపోయుంటాడులే. అయినా నీ దాంట్లో బాగానే ఉందిగా, భయమెందుకు?"

బావ వంటగది వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎక్కించలేదు."

"మరి బతికిందని రాశావుగా!"

"ఉన్నది మీ అక్క టాబ్లెట్ ఒక్కటే. సోమవారం ఎలా వెళ్తుంది? ఏదన్నా అయితే? చిన్న మార్పే. పదిసార్లు చదివాను. తప్పులేదు."

"వాయిదా వెయ్యలేకపోయావా?"

"ఇన్నేళ్ళలో మాటిచ్చిన ఒక్క శనివారం తప్పలేదు నేను."

నాకు ఒళ్ళు మండింది. మిషన్‌కి సూది మార్చినా, చిత్తుగుడ్డ మీద కుట్టి చూడకుండా మాకు అప్పగించని మనిషి ఈయన. "తీసెయ్యి ముందు. కారణం చెప్పి తీసెయ్యి" అన్నాను. "ఏమని చెప్పను? అబద్ధం రాశానని చెప్పనా? ఆ తర్వాత నా మాట ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. మూడు దాటింది. తాత పేరు పక్కన ఏమీ రాలేదు. గుంపులో జనం ఒక్కొక్కరే చేరుతున్నారు. "నూనెడబ్బా రాశాడంటే ఇక చూసుకోనక్కర్లేదు" అని ఎవరో రాశారు. అది చదివి బావ కళ్ళు దించుకున్నాడు.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క గొంతు పోయిందే గానీ చెవులు పాముచెవులు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. బావని చూసింది, నన్ను చూసింది. ఇద్దరం తలలు దించుకున్నాం. ఆమె టాబ్లెట్ తెచ్చి బావ ముందు, ఎండిన కంచం పక్కన పెట్టి ఒక గడి నొక్కింది.

"పెట్టు."

ఆపరేషన్‌కి ముందటి గొంతు అది. వడ్డించేటప్పుడూ, కసిరేటప్పుడూ ఒకేలా పలికే గొంతు. నిజం కాని మాటని ఇప్పుడైనా నిజం చెయ్యమంటోంది.

బావ కేబుల్ తీశాడు. ఒక కొస కంప్యూటర్‌కి గుచ్చాడు. రెండో కొస టాబ్లెట్ దాకా తెచ్చి ఆగాడు. "వద్దే. సోమవారం అవనీ. నావల్ల కాదు" అన్నాడు.

అక్క ఆయన్ని తేరిపార చూసింది. ఆమె దగ్గరున్నవి ఆరువందల నలభై మాటలే, వాటిలోనే వెతుక్కోవాలి. ఒక్కో గడీ వెతికి నొక్కింది.

"నాది... భయం." ఆగింది. "వాళ్ళది?" నా దానికి ఏమవుతుందోనని భయపడ్డావు, మరి వాళ్ళవాటికో అని అడుగుతోంది.

బావ కేబుల్ కింద పెట్టేశాడు. మూడూ నలభై. ముందు వెర్షన్ తీసేశాడు. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "ఎవరూ ఎక్కించొద్దు. నా దాంట్లో పెట్టలేదు. పెట్టానని అబద్ధం రాశాను. క్షమించండి." పంపించి, అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వేళ్ళ నూనె బుగ్గలకంటింది. నాకు అంతదాకా ఉన్న కోపం కాస్తా పోయి ఏడుపొచ్చింది.

జవాబులు దబదబా పడ్డాయి. "నువ్వేనా?" అని ఒకరు. "ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు రాశావు ఇలా?" అని ఒకరు. "నేను ఎక్కించడానికి వేలు పెట్టే ఉంచాను" అని ఇంకొకరు.

నాలుగుకి ఐదు నిమిషాలుందనగా కొత్త పేరుతో ఒక సందేశం వచ్చింది.

"రేడియో తాతని. కోడలి ఫోన్‌లోంచి రాస్తున్నా. నాది చచ్చింది, తెర నల్లగా ఉంది. కోడలు బయట్నించి వచ్చి ఫోన్ ఇచ్చేదాకా మీకెలా చెప్పాలో తెలీలేదు. నూనెడబ్బా, పొద్దున్నే నీ మీద అనుమానం వచ్చిందయ్యా. నువ్వెప్పుడూ బతికింది అని ఊరుకోవు. బతికింది గానీ పాట ఆగాక టిక్కుమంటోంది, బతికింది గానీ తెర ఆలస్యంగా ఆరుతోంది అని ఏదో ఒకటి సణుగుతావు. ఇవాళ ఒక్క సణుగుడూ లేదు. వాడినవాడు సణక్కుండా ఉండడు. అందుకే నలుగురూ ఎక్కించేలోపు నా దాంట్లో పెట్టి చూశా."

బావ అది రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవలేక నన్ను చదవమన్నాడు. విడుదలల పని ఇంకెవరికైనా అప్పగించమని గుంపుకి రాశాడు. "ముందు నాది బాగుచెయ్యి. రాజీనామా సంగతి తర్వాత" అని తాత రాశాడు.

ఆదివారం పొద్దున్నే బావ కేబులూ స్క్రూడ్రైవరూ పట్టుకుని ఐదుగంటలు బస్సులో వెళ్ళి, తాత వంటింటి బల్ల మీద టాబ్లెట్ విప్పి బతికించి వచ్చాడు. పాత తెర వెలగడానికి కాసేపు ఆగాలి. బావ చేసిన మార్పులో ఆ ఆగడం ఎగిరిపోయింది. తాత ఏమన్నాడని అడిగితే, "కూర్చోబెట్టి అన్నం పెట్టాడు" అని మాత్రం చెప్పాడు. సోమవారం అక్క కౌంటర్ మీద కూర్చుంది. గంట చూస్తానన్న ఆఫీసరు అరగంటకే లేచి వెళ్ళిపోయాడు. క్యూలో అరిచిన ఒకాయనకి అక్క "నీ మొహం" గడి నొక్కబోయి ఆపుకుందట. కౌంటర్ ఆమెదే.

దిద్దిన వెర్షన్‌ని గురువారం బావ అక్క టాబ్లెట్‌లో ఎక్కించాడు. తెర వెలిగేదాకా దాని మీదే వంగి కూర్చున్నాడు. అక్క శుక్రవారమంతా కౌంటర్ మీద వాడింది. శనివారం పొద్దున బావ ఆ మాట రాయడానికి కూర్చున్నాడు గానీ వేళ్ళు కదల్లేదు. అక్క ఆయన్ని పక్కకి జరగమని సైగచేసి, కీబోర్డు ముందు కూర్చుని తనే టైపు చేసింది.

"నా దాంట్లో బతికింది. 'రేపు రండి' అన్న మాట మాత్రం రెండుసార్లు నొక్కితే గానీ పలకడం లేదు."