రాజబాబు నిలబడిన చోటు

ఇరవై తొమ్మిదేళ్ళపాటు రాజబాబు ఉద్యోగం విమానాలకు ఎదురు నిలబడటం. బేగంపేటలో దిగిన విమానం తన చోటికొచ్చి ఆగేదాకా, చేతుల్లో రెండు నారింజ రంగు బ్యాట్లు పట్టుకుని, రా, ఇంకా రా, కాస్త ఎడమకి, అని సైగలు చేసేవాడు. బ్యాట్లు రెండూ తలపైన అడ్డంగా పెట్టాడంటే అంత విమానమూ సాధువైన ఆవులా ఆగిపోయేది. అద్దం వెనక నుంచి పైలట్ చెయ్యి ఊపేవాడు. కొందరు ఊపేవాళ్ళు కాదు.

అన్నేళ్ళలో ఆయనకు తీరని సందేహం ఒక్కటే మిగిలింది. ఆ అద్దం లోపలి నుంచి చూస్తే, ఎండలో అలా నిలబడిన తాను ఎలా కనిపిస్తాడు?

రెండువేల ఎనిమిది మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారిపోయాయి. ఆ నెలాఖరుకే రాజబాబు రిటైరయ్యాడు. రసూల్‌పురాలోని వాళ్ళ ఇంట్లో, విమానం నెత్తిమీద నుంచి పోతుంటే మాట ఆపి, అది పోయాక మళ్ళీ అందుకోవడం పాత అలవాటు. ఇప్పుడు ఆకాశం ఖాళీ. అయినా ఆయనా, భార్య కుమారీ మాటల మధ్యలో ఆగిపోతూనే ఉన్నారు. రాని విమానం వెళ్ళిపోయేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెడుతున్నారు.

వాళ్ళ పై వాటాలో అద్దెకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు జీవరాజు, కొత్త కంపెనీలో చేరి మాదాపూర్‌కు మారిపోతూ, తన పాత గేమింగ్ కంప్యూటర్‌ను రాజబాబుకు వదిలేశాడు. పక్క రేకుకు అద్దం, అద్దం లోపల నీలం దీపాలు. అందులో విమానం నడిపే ఆట ఒకటుంది. లోకంలోని విమానాశ్రయాలన్నీ అందులో ఉన్నాయి. బేగంపేట కూడా.

మూడు నెలలు కూర్చుని రాజబాబు ఎగరడం నేర్చుకున్నాడు. దిగడమూ నేర్చుకున్నాడు, కానీ ఎక్కడ దిగుతున్నాడో మాత్రం కనిపించేది కాదు. నేల దగ్గరపడే కొద్దీ బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఊరంతా నానిపోయిన అట్టలా ఉండేది. తాను నిలబడిన చోటికి వెళ్దామంటే అక్కడ బూడిదరంగు ముద్ద తప్ప ఏమీ లేదు.

చివరికి ఆ ఇనప పెట్టెను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పార్క్ లేన్‌కు తీసుకెళ్ళాడు. కంప్యూటర్ల దుకాణంలో దుర్గేష్ రేకు విప్పి, టార్చి వేసి చూశాడు.

"మెమరీ సాలదు సార్. గ్రాఫిక్స్ కార్డు సుత ముసలిదైంది. ఇప్పుడొచ్చే కార్డులు దీన్ల పడవు, స్లాటే వేరే." లోపలికి వెళ్ళి, మెమరీ పలక ఒకటీ, దుమ్ము పట్టిన డబ్బా ఒకటీ పట్టుకొచ్చాడు. "దీనికి పడే కార్డు గిదొక్కటే మిగిలింది. సిటీ మొత్తం దేవులాడినా ఇంకొకటి దొరకదు. ఇక్కడ్నే బిగిస్తా, పది నిమిషాలు."

"వద్దు నాయనా. బొట్టు పెట్టందే కొత్త వస్తువు మొదలెట్టనివ్వదు మా ఆవిడ."

"గట్లనా? మా అమ్మ సుత అంతే." దుర్గేష్ నవ్వి, మూల పడున్న పాత బోర్డు మీద ఎలా బిగించాలో చూపించాడు. "ముందుగాల ఇనుము ముట్టుకోండ్రి, ఒంట్ల కరెంటు దిగిపోతది. తర్వాత టక్కుమనే దాకా నొక్కుండ్రి. జెర పైలం సార్, గిదే ఆఖరుది."

ఇంట్లో కుమారి పీటమీద కొత్త తువ్వాలు పరిచి, కార్డునూ మెమరీ పలకనూ పక్కపక్కన పడుకోబెట్టింది. తడి పసుపు వేలికి తీసుకుని ఆగింది.

"ఏటండీ, దీనికి ముఖం ఎటో తెల్డం లేదు."

రాజబాబు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. పచ్చటి పలక అంచున, బుల్లి బుల్లి బంగారు పళ్ళ వరస. దసరాకు విమానాశ్రయంలో నిచ్చెన బళ్ళకు బొట్లు పెట్టించిన మనిషి ఆయన. ఇలాంటివి తనకే తెలుసనుకున్నాడు.

"బంగారం ఉన్నవైపే ముఖం. అక్కడెట్టు."

ఆమె శ్రద్ధగా పెట్టింది. ఒక్కోదానికీ మూడేసి పసుపు చుక్కలు, వాటి మీద కుంకం. ఆయన ఇనుము ముట్టుకుని, టక్కుమనే దాకా నొక్కి, మీట వేశాడు. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. లోపల ఏదో బీప్, బీప్ అని, లారీ వెనక్కి వస్తున్నట్టు అరవడం మొదలుపెట్టింది.

ఫోన్లో దుర్గేష్ ఆ చప్పుడు విన్నాడు. "మెమరీ స్లాటుకు అంటుకుంటలేదు సార్. ఏమన్న జేసిండ్రా?"

"బొట్టు పెట్టాం."

"ఏడ?"

"బంగారం మీద. రెండిటికీ."

"సార్, అవి దాని కాళ్ళు. ఆడికెళ్ళే కరెంటు లోపలికి పోవాలె."

"కాళ్ళకి పసుపు రాయడం మంచిదే కదా బాబూ," అన్నాడు రాజబాబు నీరసంగా.

"మంచిదే. పెండ్లికూతురికి." తర్వాత దుర్గేష్ గొంతు మెత్తబడింది. "ప్లగ్గు పీకుండ్రి. రెండూ బయటికి తీసి పొడిగుడ్డతోటి అద్ది, సాయంత్రం దాకా ఫ్యాను కింద ఆరనియ్యుండ్రి. ఆరినంక పెన్సిల్ రబ్బరుతోటి మెల్లగ రుద్దుండ్రి. అటెన్క మన నసీబు."

ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా గడిచింది. పాత పేపరు మీద పచ్చటి పలకలు రెండూ, జ్వరం తగ్గి నిద్రపోతున్న పిల్లల్లా పడుకున్నాయి. రాజబాబు గుమ్మంలో కూర్చుని ఖాళీ ఆకాశం చూశాడు. ఆ కార్డు చెడిపోతే ఇంకొకటి లేదు. కళ్ళు మూసుకుంటే ఎండకు అలలలా కదిలే తారు నేల కనిపించింది, దానిమీద తన నీడ. నీడే గాని తాను లేడు.

"చెప్పింది నేనే," అన్నాడు.

"ఎట్టింది నేను," అంది కుమారి. రోజూ పేపర్లో గళ్ళనుడికట్టు నింపి చెరిపే తన రబ్బరు తెచ్చుకుని, ఒక్కో పన్నునూ రుద్దింది. పసుపు పొడి పొడిగా రాలింది. పళ్ళకు పైన, పలక మీద మాత్రం ఒక చుక్క పోలేదు. "ఇది బంగారం మీద లేదులెండి, ఉండనీండి," అంది.

మళ్ళీ బిగించి మీట వేస్తే, ఈసారి అరుపు లేదు. తెర తెల్లబడింది.

విమానం తూర్పు నుంచి వచ్చింది. ఆటలో తెల్లవారుతోంది. మేఘం విడిపోగానే ఊరు మొత్తం, కడిగి ఆరబెట్టినట్టు, కిందికి పరుచుకుంది. ఎడమవైపు హుస్సేన్ సాగర్ మీద నిజమైన మెరుపు.

"బుద్ధుడేడీ?" అంది కుమారి వెనక నుంచి.

"పెట్టలేదు వీళ్ళు."

రన్‌వే మీద గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. దిగాడు. మలుపు తిప్పాడు. అదిగో, తన చోటు. పసుపు గీత, గీత చివర నేల. అక్కడ ఎవరూ లేరు.

రాజబాబు విమానాన్ని దూరంలోనే ఆపి, చాలాసేపు అలాగే చూశాడు. ఆ నేలమీద గాలి కూడా లేదు. తర్వాత మెల్లగా లేచి, బీరువా మీద నుంచి తన పాత బ్యాట్లు దించాడు.

"నువ్వు కూర్చో."

"నాకేటొచ్చు?"

"ఈ మీట కదలడానికి. ఇది ఎడమ, ఇది కుడి. ఈ చుక్క ఉన్న మీట బ్రేకు. కిందకి చూడకు, నన్ను చూడు."

బల్ల అవతల, గోడకు వీపు ఆనేలా నిలబడ్డాడు. అక్కడి నుంచి ఆయనకు తెర కనిపించదు. తెర వెలుగు పడిన కుమారి ముఖమే కనిపిస్తుంది. బ్యాట్లు పైకెత్తాడు. రా. ఇంకా రా. ఆమె కళ్ళు ఎడమకు జరిగితే ఆయన కుడి చెయ్యి ఊపాడు. పెదవి కొరికితే నెమ్మది చేశాడు. కిటికీలో పొద్దు గూకుతోంది. ఎప్పటి ఎండో భుజాలమీద వెచ్చగా తగిలింది. బ్యాట్లు రెండూ తలపైన అడ్డంగా పెట్టాడు.

"ఆగిందా?"

"ఆగినాది. గీత మీదే."

చేతులు దించలేదు ఆయన. "నేనెలా కనిపిస్తున్నాను?"

కుమారి కంప్యూటర్ మీదుగా ఆయన్ని నింపాదిగా చూసింది.

"చిన్నగా ఉన్నారు," అంది. "చొక్కా గుండీ ఒకటి తప్పెట్టుకున్నారు."

ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినదానిలా, కుడి చెయ్యి ఎత్తి ఆయనకేసి ఊపింది.