నలభై ఎనిమిది రివెట్ల సంగడి

కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదని పెద్దలంటారు. పెద్దల మాట కూడా ఒక్కోసారి తప్పుతుందని నిరూపించిన ఘనుణ్ణి నేను. మా అన్నయ్య పెళ్ళిని కొల్లేటి నీళ్ళ నడుమ, ముహూర్తానికి గంట ముందు, నలభై ఎనిమిది రివెట్లతో ఆపేశాను. ఎలా ఆపానో చెబుతాను వినండి. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా నాన్నగారు మాత్రం ఇప్పటికీ నవ్వరు.

అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి నెల రోజులైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డిప్లొమావాడు పొద్దునే కాదు, ఎదుట నిలబడ్డ మనిషిని కూడా ఎరగడు. దానికి తోడు సొంతంగా ఒక రివెట్ గన్ను కొనుక్కున్నాను. రెండు రేకుల్ని కలిపి కన్నం పొడిచి, అందులో రివెట్టు పెట్టి, గన్నుతో గట్టిగా లాగితే టప్పుమని రెండూ అతుక్కుపోతాయి. మళ్ళీ విడదీయాలంటే రివెట్టు తలను తొలిచెయ్యాల్సిందే. ఆ నెలలో మా ఇంట్లో బకెట్టు చెవికీ, అమ్మ ట్రంకుపెట్టె గొళ్ళేనికీ, కోళ్ళగూడు తలుపుకూ రివెట్లు పడ్డాయి. కోళ్ళగూడు తలుపు ఆ రోజు నుంచి తెరుచుకోలేదు. నాకు అప్పుడే బుద్ధి రావలసింది. రాలేదు.

పెళ్ళి శ్రావణమాసంలో. మాది ముదినేపల్లి పక్కన ఊరు, పెళ్ళికూతురిది కొల్లేటి లంక. వారం రోజుల వానకు ఆ లంకకు వెళ్ళే గట్టురోడ్డు రెండు చోట్ల తెగిపోయింది. "కంగారు పడకండి బావగారూ, సంగడి పంపిస్తామండి" అని పెళ్ళికూతురి తండ్రి నాన్నగారికి ఫోన్ చేశారు. దారీ తెన్నూ చూసి రమ్మని ముందురోజు నన్ను రేవుకి పంపారు. నా ప్రాణానికి ఆ పెద్దరికం ఎందుకు ఇచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సంగడి అంటే తెలియనివారికి రెండు ముక్కలు. రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి, పైన అడ్డంగా సరుగుడు వాసాలు వేసి, కొబ్బరి తాళ్ళతో బిగించి కడతారు. తాడు సందుల్లో చెక్క చీలలు దిగ్గొడతారు. ఒంటి దోనె అటూ ఇటూ ఊగుతుంది గానీ సంగడి మీద పదిమంది నిశ్చింతగా కూర్చోవచ్చు. పూర్వం తాటి దోనెలు, ఇప్పుడు ఇనప రేకువి. కట్టే పద్ధతి మాత్రం మారలేదు.

అప్పటికే రేవుకు చేరిన సంగడిని చూసి నేను నిర్ఘాంతపోయాను. మేకు లేదు, బోల్టు లేదు, రివెట్టు లేదు. తాడుకీ వాసానికీ మధ్య రాపిడి, చీలకీ తాడుకీ మధ్య రాపిడి, అంతే. పెళ్ళికొడుకు ప్రాణం ఉత్త రాపిడి మీద ఆధారపడి ఉందా!

సంగడి నడిపే వెంకన్న బాబాయ్ అన్నానికి ఇంటికి వెళ్ళాడు. పక్కనే చేపల చెరువు మోటారు షెడ్డు, అందులో కరెంటు, షెడ్డు వెనక మిగిలిన ఇనప పట్టీలు. ఇంకేం కావాలి? తాళ్ళు కోసి నీళ్ళలో పారేశాను. దోనె నుంచి దోనెకు పట్టీలు పరిచి, డ్రిల్లుతో కన్నాలు పొడిచి, రివెట్లు కొట్టడం మొదలుపెట్టాను. పన్నెండు చాలు. నేను నలభై ఎనిమిది కొట్టాను. అన్నయ్య మీద అంత ప్రేమ నాకు.

వెంకన్న బాబాయ్ తిరిగొచ్చి సంగడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"చినబాబుగారూ, తాళ్ళేవండీ?"

"వాటితో పని లేదు బాబాయ్. రివెట్లు కొట్టేశాను."

"మరి ఇప్పాలంటేనండీ?"

"ఎందుకు విప్పాలి? ఇది విడిపోయే రకం కాదు."

"అది కాదండీ, రేపు కల్వర్టు కాడ..."

"కల్వర్టుకి గుద్దుకున్నా చెక్కుచెదరదు బాబాయ్, మీరు నిశ్చింతగా పడుకోండి!"

"ఆయ్. సదువుకున్నోరు, తవరికి తెలీందేముందండీ" అని ఊరుకున్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

తెల్లారింది. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలకు. మొదటి విడతలో అన్నయ్య, నాన్నగారు, మా పురోహితుడు గారు, నేను ఎక్కాం. అమ్మ, మిగతా చుట్టాలు రెండో విడతకు రేవులో ఆగారు. సంగడి అంగుళం కూడా ఊగలేదు. నాన్నగారు నా భుజం తట్టి "పరవాలేదురా, డబ్బు దండగ కాలేదు" అన్నారు. జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మెప్పు పావుగంట నిలిచింది.

పావుగంట తర్వాత తెగిన గట్టు కింద కల్వర్టు వచ్చింది. వెంకన్న బాబాయ్ గెడ నీళ్ళలో దించి సంగడిని ఆపి, నా వంక చూశాడు.

"ఇంక ఇప్పెయ్యండి బాబూ."

"ఏం విప్పాలి?"

"సంగడండి. గండ్లలో కూలిన రాళ్ళు తగుల్తాయండి, ఈ కల్వర్టులోనేమో ఒక్క దోనే కదండీ పట్టేది! ఇప్పేసి, ఒకదానెనకాల ఒకటి దాటించి, అవతలేపు మళ్ళీ కట్టుకుంటామండి. మా తాతల కాణ్ణించీ అంతేనండి."

నా చెవులు గింగురుమన్నాయి. "విప్పడానికి ఏమీ లేదు బాబాయ్."

"అదేటండీ! ఏదో మీట నొక్కితే ఊడొచ్చేత్తాదనుకున్నానండి. కొత్త మోడలు కదాని."

"ఏమిటిరా అంటున్నాడాయన?" అన్నారు నాన్నగారు.

"ఏం లేదు నాన్నగారూ, చిన్న సాంకేతిక సందేహం."

కల్వర్టు వెడల్పు కంటితో కొలిచాను. సంగడి వెడల్పు కంటితో కొలిచాను. పడుతుందనిపించింది. "పోనివ్వండి బాబాయ్" అన్నాను. వానాకాలపు నీటి వడి వెనక నుంచి తోసింది. సగం దాకా దూరింది. కిర్రుమంది. ఆగింది.

వెనక్కి లాగితే నీరు రానివ్వదు, ముందుకు తోస్తే గోడలు పోనివ్వవు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, మాకు ముందూ వెనకా ఒకటే కల్వర్టు. నిన్న నేను వెక్కిరించిన రాపిడి ఇవాళ రెండు పక్కలా పట్టుకుని ససేమిరా వదలనంది. డ్రిల్లు షెడ్డులో ఉంది. ఉన్నా కరెంటు లేదు. నాన్నగారు ఇంటి తాళంచెవితో రివెట్టు తల గీకారు. పురోహితుడు గారు కొబ్బరికాయ పెట్టి మోదారు. కొబ్బరికాయ పగిలింది.

"శుభం" అన్నారాయన అలవాటు కొద్దీ.

అంతలో పెళ్ళికూతురి తండ్రి ఫోన్. నాన్నగారు స్పీకర్లో పెట్టారు.

"ఎందాకా వచ్చారండీ బావగారూ?"

"కల్వర్టు దాకా వచ్చామండీ."

"దాటేశారాండీ?"

"లేదండీ."

"అయితే ఇవతలే ఉన్నారాండీ?"

"ఇవతలా లేమండీ."

"ఇవతలా లేక, దాటకా... మరెక్కడున్నారండీ?"

"మధ్యలోనండీ. మావాడు రివెట్లు కొట్టాడండీ."

"ఎవర్ని కొట్టాడండీ?"

ఆ మాట ఆయనకు బోధపడేసరికి అయిదు నిమిషాలు పట్టింది. నాకే పూర్తిగా బోధపడలేదు, ఆయన్ననుకుని ఏం లాభం? అన్నయ్య నుదుటి బాసికం సర్దుకుంటూ నా వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "నా పెళ్ళి అవుతుందంటావా?" అన్నాడు మెల్లగా. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. అంతమందిలో ఏడవలేక రివెట్లు లెక్కపెట్టాను. నలభై ఎనిమిదే. ఒక్కటైనా వదులు కాలేదు.

తొమ్మిదీ యాభైకి మళ్ళీ ఫోన్ మోగింది. "మీరు రాలేకపోతే మేమే వస్తామండీ. అమ్మాయిని దోనె ఎక్కిస్తున్నాం."

వెంకన్న బాబాయ్ భుజాలిస్తే ఒక్కొక్కరమూ కల్వర్టు పైకి ఎక్కాం. రెండు పక్కలా గట్టు తెగి, ఆ నాలుగు గజాల కాంక్రీటు పలక మాత్రం నీళ్ళలో మిగిలి ఉంది. పదీ ముప్పై అయిదుకు ఒంటి దోనెలో పెళ్ళికూతురు, ఆమె తల్లిదండ్రులు వచ్చారు. ఒళ్ళో జీలకర్ర బెల్లం గిన్నె, పైన పట్టిన గొడుగు. దోనె ఊగుతూనే ఉంది గానీ ఆమె మాత్రం చెదరకుండా కూర్చుంది.

పురోహితుడు గారు సంకల్పం ఎత్తుకుని, ఊరి పేరు చెప్పవలసిన చోట టక్కున ఆగారు. "ఇది ఏ గ్రామంలోకి వస్తుందండీ?"

"మా ఊరి పొలిమేర కల్వర్టుకి ఇవతల ఆగిపోతుందండీ" అన్నారు అన్నయ్య మామగారు.

"ఆ పక్కూరిది అవతలాగిపోద్దండి" అన్నాడు వెంకన్న బాబాయ్ కింద నుంచి.

పురోహితుడు గారు గడియారం చూసి, కళ్ళు మూసుకుని, "కల్వర్టు ప్రదేశే" అని కానిచ్చేశారు. సరిగ్గా పదీ నలభై రెండుకు జీలకర్ర బెల్లం తలల మీద పడింది. అమ్మ రేవులో నిలబడి ఫోన్లో చూసింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కచోట నాకు నవ్వు రాదు.

అన్నయ్య మంగళసూత్రం అందుకుని ఒక ముడి వేశాడు. రెండో ముడి వేశాడు. మూడోది వేస్తుండగా, తలవంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు అందరికీ వినబడేలా అంది:

"ఏవండీ, మీ తమ్ముడుగారి చేతిలో ఆ గన్ను ఉందేమో చూడండి. ఈ ముళ్ళక్కూడా కొట్టేయగలరు."

మా వదిన నా గురించి పలికిన మొదటి మాట అది. పురోహితుడు గారికి మంత్రం తప్పింది. కింద వెంకన్న బాబాయ్ నవ్వు కల్వర్టులో గుమ్మని మోగింది. నాన్నగారు మాత్రం అక్షింతలు నా మీదికి విసిరారు, అవి దీవెనలు కావు.

నీళ్ళు తగ్గాక వెంకన్న బాబాయ్ ఉలీ సుత్తీ పట్టుకొచ్చి రివెట్ల తలలన్నీ తెగ్గొట్టాడు. కన్నాలకు తారు పూసి, కొత్త కొబ్బరి తాడుతో సంగడి కట్టాడు. తాడు వెల నేనే ఇచ్చాను. ముడి వేయడం కూడా దగ్గర కూర్చోబెట్టి నాకు నేర్పాడు. మూడు రోజులు పట్టింది నాకది రావడానికి. డిప్లొమాకు మూడేళ్ళు పట్టింది గానీ, అదే తేలిక.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ కల్వర్టు సాక్షిగా, పగిలిన ఆ కొబ్బరికాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. దేన్నైనా అతికేముందు, అది ఏ దారిన వెళ్ళాలో, ఎక్కడ విడిపోవాలో దాన్ని నడిపే మనిషిని అడుగుతాను. అడిగి, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. రివెట్ గన్ను ఈ జన్మలో ముట్టను. ముట్టాలన్నా కుదరదు లెండి. దాన్ని మా వదిన పెళ్ళైన వారానికే అమ్మ ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేసింది. ఆ పెట్టె గొళ్ళేనికి నేను కొట్టిన రివెట్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.