మేనత్త తెచ్చిన ఎముకల పెట్టె

నా చిన్నప్పుడు, ఒక నాట్ల కాలంలో, మా మేనత్త చెప్పాపెట్టకుండా తిరువూరులో బస్సు దిగి ఇంటికొచ్చేసింది. అప్పటికి ఆమె పట్నంలో డాక్టరు చదువు మొదటి ఏడాదిలో ఉంది. మా పేటలో అంత చదువుకు వెళ్లిన మొదటి మనిషి ఆమే. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో రేకు పెట్టె. అందులో ఆమె చదువుకోవడానికి వాడే మనిషి ఎముకలున్నాయని తెలిశాక నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

అనాటమీ పరీక్ష తప్పిందట. ఇక వెళ్లనని తాతయ్యతో చెప్పింది. తెలుగులో చదివి వెళ్లిన తనకు ఇంగ్లీషు పాఠం సగం అర్థమయ్యేలోపే రెండో పాఠం మొదలైపోతుందని, ఒక్క చేతికే లెక్కలేనన్ని పేర్లని, శవాల గది వాసన అన్నం ముద్ద దగ్గర కూడా వదలదని చెప్పి ఏడ్చింది.

మా నానమ్మ పెనుగొలను పొలాల్లో నాట్లేసే కూలిమనిషి. అక్షరం ముక్క రాదు. మర్నాడు మధ్యాహ్నం పని నుంచి వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుంది. ఉతికిన చీర చాప మీద పరిచి, పెట్టె తెమ్మంది. మందలించలేదు, బతిమాలలేదు.

"నువ్వేం చదివావో నాకు తెలియకుండానే మానేస్తే ఎట్టా? ఒకసారి చూపించు" అంది.

అత్తయ్య జబ్బ ఎముక తీసి ఇచ్చింది. నానమ్మ దాన్ని రెండు చేతులతో, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది.

"ఇది ఎవరిదమ్మా?"

"తెలీదమ్మా. ఎవరికీ తెలీదు."

నానమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. కళ్లు తెరిచి, "ఎవరోగానీ, పోయాక కూడా నీకు చదువు చెప్తున్నారు" అంది మెల్లగా.

అత్తయ్య ఆ ఎముక వెనక ఉన్న సన్నటి గాడి మీద వేలు పెట్టి, ఇది నరం పోయే దారి అని చెప్పింది. నరానికి కూడా కాలవ తీసి పెట్టాడా దేవుడు అని నానమ్మ విస్తుపోయింది. ఒక్కో గుంటా, ఒక్కో గట్టూ ఎందుకని అడుగుతూనే ఉంది. అత్తయ్య తెలుగులో చెబుతూ, మధ్యలో ఇంగ్లీషు పేర్లూ చెప్పేస్తోంది. నాకు తెలియకుండానే నేనూ వచ్చి చాప అంచున కూర్చున్నాను.

అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. పెద్దవాళ్లకు ఇక్కడ ఎనిమిది చిన్న ఎముకలుంటాయని, నా వయసులో ఏడే గట్టిపడి ఉంటాయని, బఠాణీ గింజంత ఎనిమిదోది ఇంకా ఎముక కాలేదని చెప్పింది. నా చెయ్యి నాకే కొత్తగా కనిపించింది. నేను ఆడుకుంటున్నా, నిద్రపోతున్నా, లోపల ఎవరో ఓపిగ్గా పని చేస్తున్నారన్నమాట.

పొద్దువాలే వేళకు భుజం నుంచి గోళ్ల దాకా అయిపోయింది. పుస్తకం సంచిలోంచి తీయనే లేదని అప్పుడు గమనించి, అత్తయ్య తన తల్లి వంక అలా చూస్తూ ఉండిపోయింది.

రెండు రోజులాగి, తనే పెట్టె సర్దుకుని బస్సెక్కింది. ఈసారి ఆ పరీక్ష గట్టెక్కింది. తర్వాతి ఏడాది ఇంకో సబ్జెక్టు తప్పింది గానీ ఇంటికి రాలేదు, ఉత్తరం రాసింది. డాక్టరై ఎందరికో పురుళ్లు పోసింది.

నేను గంపలగూడెంలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించేటప్పుడు ఆ ఎనిమిదో ఎముక గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగడం నాకు అలవాటైపోయింది. ఇవాళ్టికీ ప్రార్థనలో తెలిసినవాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, నాకు నేర్పినవాళ్లలో పేరు తెలియనివాళ్ల కోసం ఇంకాసేపు మౌనంగా కూర్చుంటాను.