అయిపోయింది బాబాయ్

ఆ క్రికెట్ జట్టుకి మాలిష్ చేసే బాబాయ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఏ పనైనా సరే, అది మొదలయ్యేలోపే "అయిపోయింది" అనేస్తాడు. కెప్టెన్ టాస్‌కి నాణెం ఎగరేస్తే అది కింద పడకముందే అయిపోయింది. అవతలి జట్టువాడు ఇంకా గ్లవ్స్ తొడుక్కుంటుంటే, "వీడు సెంచరీ కొట్టేస్తాడు, అయిపోయింది." మనవాడు ప్యాడ్లు కట్టుకుంటుంటే, "మొదటి బంతికే పోతాడు, అయిపోయింది." పుట్టగానే అందరిలా ఏడవకుండా ఈ మాటే అని ఉంటాడని డ్రెస్సింగ్ రూమ్‌లో గట్టి నమ్మకం. ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. అందరికీ ఆయన అయిపోయింది బాబాయే.

ఓపెనర్ జట్టులో చేరిన మొదటిరోజే ఈ దీవెన అందుకున్నాడు. మాలిష్ బల్ల మీద బోర్లా పడుకుంటే, బాబాయ్ అతని కుడి భుజం మీద రెండు బొటనవేళ్లూ ఆనించి పెద్దగా నిట్టూర్చాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ నిట్టూర్పెందుకు?"

"ఈ భుజం పెట్టుకునేనా సీజనంతా ఆడదామనుకుంటున్నావు?"

"అవును."

"అయిపోయింది."

ఆ భుజం తర్వాత ఎనిమిదేళ్లు ఆడింది. ఒక్కరోజు నొప్పన్న పాపాన పోలేదు. అయినా బాబాయ్ దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ చావుబతుకుల్లో ఉన్న చుట్టాన్ని పలకరించడానికి వచ్చినట్టే మొహం పెట్టేవాడు. చేతులు మాత్రం బంగారం. ఆయన పిసికి వదిలితే ఒళ్లంతా దూదిపింజలా తేలిపోయేది, మనసే సీసంలా బరువెక్కేది.

నిజానికి బాబాయ్ జోస్యాల్లో సగానికి సగం తప్పేవి. తప్పినవి ఎవరికీ గుర్తుండవు. నిజమైనవాటిని మాత్రం ఏళ్ల తరబడి తవ్వి తీసి మరీ తిట్టేవారు. ఆయన నాలుక మీద మచ్చ ఉందని కీపర్‌కి అనుమానం. ఒకసారి బలవంతాన నోరు తెరిపించి, ఫోన్ లైటు వేసి, ముందూ వెనకా వెతికాడు. మచ్చ లేదు, బిస్కెట్ ముక్క ఉంది. "అడుగున ఉంటుంది, పైకి కనపడదు" అని తేల్చేశాడు కీపర్.

ఒక ఏడాది లీగ్ ఫైనల్లో ఆఖరి వికెట్ మిగిలింది, కొట్టాల్సిన పరుగులు బోలెడున్నాయి. బాబాయ్ "ఇంకెక్కడ, అయిపోయింది" అని కిట్ బ్యాగులన్నీ సర్దేసి, చేతికందిన బూట్లూ కోట్లూ కూడా వాటిలో కుక్కి, బస్సెక్కించేశాడు. తీరా చూస్తే ఆఖరి జంట గుడ్డిగా బ్యాట్లూపి గెలిపించేసింది. కెప్టెన్ బహుమతి తీసుకోవడానికి బాత్రూమ్ చెప్పులతో వెళ్లాడు. మర్నాడు పేపర్లో పడ్డ ఫొటోలో కప్పు కంటే చెప్పులే బాగా కనిపించాయి.

"ఇంట్లో కూడా ఇంతేనా పిన్నీ?" అని ఓపెనర్ ఒకసారి బాబాయ్ భార్యని అడిగాడు.

"ఇంతేనా అంటావేంటి! పాలు పొయ్యి మీద పెడితే విరిగిపోయాయంటాడు. బస్సు కోసం నిలబడితే వెళ్లిపోయిందంటాడు. పెళ్లికి ముందు మా నాన్నతో మాట్లాడ్డానికొచ్చి, నన్ను ఒక్కసారి చూసి, 'ఈ అమ్మాయి నన్నెందుకు చేసుకుంటుందిలెండి, అయిపోయింది' అని లేచి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. జాలేసి నేనే వెనక్కి పిలిచాను."

"మరి తర్వాత?"

"తర్వాత నా పనే అయిపోయింది" అంది పిన్ని, నవ్వుతూ.

ఈ కథంతా సరదాగానే నడిచేది, ఓపెనర్ బ్యాట్ మూగబోకపోయి ఉంటే. ఆ ఏడాది దేశవాళీ వన్డే టోర్నీ మొదలయ్యేసరికి అతనికి ముప్పై దాటింది. వెనకాల ఒక ఎడమచేతివాటం కుర్రాడు పరుగుల మీద పరుగులు చేసి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఈ టోర్నీలో ఆడకపోతే వచ్చే సీజన్ నుంచి తన చోటు వాడిదేనని ఓపెనర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. క్రికెట్ తప్ప అతనికి చేతనైన పని ఇంకోటి లేదు. ఇంట్లో బల్బు మార్చమంటే ఫ్యూజు పోగొట్టే రకం.

మొదటి మ్యాచ్‌కి అతను హెల్మెట్ పెట్టుకుని గుమ్మం దాటుతుంటే వెనకనుంచి గట్టిగా వినపడింది. "ఎంతసేపులే, రెండో ఓవర్లోపే వెనక్కొస్తాడు. అయిపోయింది." రెండో ఓవర్లోనే స్లిప్‌లో క్యాచ్ ఇచ్చి వచ్చేశాడు. రెండో మ్యాచ్‌లో "బౌల్డ్ అవుతాడు చూడండి" అన్నాడు బాబాయ్. వదిలేద్దామని బ్యాట్ పైకెత్తిన బంతి లోపలికి తిరిగి వికెట్లు ఎగరగొట్టింది. మూడో మ్యాచ్‌లో "వీడి పరుగు వీడే తినేస్తాడు" అన్నాడు. లేని పరుగు కోసం పిలిచి, సగం దూరం వెళ్లి, తనే రనౌటయ్యాడు.

ప్రతిసారీ గదిలో ఒకటే సీను. ఓపెనర్ లోపల అడుగు పెట్టేసరికి అందరూ బాబాయ్ మీద పడి ఉండేవాళ్లు.

"నీ నోరు పడిపోను! అన్నావు, పోయాడు!" అని కీపర్.

"బాబాయ్, రేపట్నుంచి మడమలకి వేసే ఆ టేపు నోటికి వేసుకో" అని కోచ్.

"అసలు ఈయన్ని అవతలి జట్టువాళ్లే పంపించారు" అని ఇంకొకడు.

బాబాయ్ తలొంచుకుని నూనె సీసా తుడుచుకుంటూ, "నేను ముందే చెప్పానుగా" అని మరో పిడికెడు తిట్లు అడిగి మరీ వేయించుకునేవాడు. ఈ గోలలో ఎవరో ఓపెనర్ చేతికి మంచినీళ్లిచ్చేవారు. అతను మూల కుర్చీలో కూర్చుని, ప్యాడ్లు విప్పుకుంటూ, బాబాయ్ వైపు కొరకొరా చూసేవాడు. తన బతుకు బుగ్గిపాలవుతున్నది ఆ నోటి వల్లేనని అతనికి నమ్మకం కుదిరిపోయింది.

నాలుగో మ్యాచ్ ముందు నేరుగా మేనేజర్ దగ్గరికెళ్లాడు. "సార్, ఆయనుంటే నేను ఆడలేను."

"ఆయన లేకపోతే మీ పిక్కలు ఎవరు పిసుకుతారయ్యా?"

"మ్యాచ్ జరిగేటప్పుడు మాత్రం గదిలో వద్దు సార్. మీకు దణ్ణం పెడతాను."

మేనేజర్ బాబాయ్‌ని పిలిచి బస్సులో కూర్చోమన్నాడు. బాబాయ్ ఎందుకని అడగలేదు. నూనె సీసా, మడత స్టూలు చంకన పెట్టుకుని, "బస్సులోనా? ఆ ఎండకి ఉడికిపోతాను. అయిపోయింది" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పోతూ ఓపెనర్ వైపు చూడనైనా చూడలేదు.

ఆరోజు ఓపెనర్ గుమ్మం దాటుతుంటే ఎవరూ ఏమీ అనలేదు. హాయిగా అనిపించింది. ఆ హాయి ఒక ఫోర్ కొట్టేదాకా ఉంది. తర్వాతి బంతిని చేతులారా తీసుకెళ్లి మిడాన్‌లో ఉన్న ఫీల్డర్ చేతిలో పెట్టాడు.

వెనక్కొచ్చి తలుపు తోశాడు. గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. నేల మీద తన బూట్ల చప్పుడు తనకే భయం పుట్టించింది. కీపర్ తన గ్లవ్ కుట్టు వంక దీక్షగా చూస్తున్నాడు. ఎడమచేతివాడు షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. మంచినీళ్లు ఎవరూ ఇవ్వలేదు. చివరికి కోచ్ నోరు విప్పాడు.

"ఆ షాట్ దేనికి?"

ఓపెనర్ హెల్మెట్ పట్టీ విప్పుకుంటున్నాడు.

"నిన్నే అడిగేది. ఎనిమిదేళ్ల నుంచి ఆడుతున్నావు. ఆ షాట్ దేనికి?"

"బయట సెలెక్టర్ నా పక్కనే కూర్చున్నాడు" అన్నాడు కెప్టెన్, గోడ వైపు చూస్తూ. "నేనేం చెప్పమంటావు ఆయనకి?"

ఓపెనర్ మూల కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ఇదే కుర్చీలో కూర్చున్నాడు, ఇలాగే తల దించుకున్నాడు. కానీ ఇంత బరువు ఎప్పుడూ లేదు. ఈ చూపులూ ఈ మాటలూ ఇన్నాళ్లూ ఎటు పోయాయా అని ఆలోచించాడు. ఎటు పోయాయో తట్టగానే అతనికి చచ్చేంత సిగ్గేసింది. ప్యాడ్లతోనే లేచి బస్సు దగ్గరికి నడిచాడు.

బాబాయ్ కిట్ బ్యాగుల మధ్య స్టూలేసుకుని చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు.

"ఎంతకి పోయావు?"

"నాలుగు."

"చూశావా! నేను ఒక్క ముక్క కూడా అనలేదు" అన్నాడు బాబాయ్, నిర్దోషిగా విడుదలైన ముద్దాయిలా.

"లోపల అందరూ ఊరుకున్నారు బాబాయ్. ఎవరూ అరవలేదు."

సీసా మూత తిప్పుతున్న బాబాయ్ చెయ్యి ఆగింది. "అది మహా చెడ్డ సంగతి" అన్నాడు.

"నువ్వు కావాలనే అనేవాడివా?"

"ఛ! అయిపోయిందనుకునే అంటాను. ఈ జట్టుని చూసి మనిషన్నవాడు ఇంకేమనుకుంటాడు?"

"మరి అంత గట్టిగా అందరికీ వినపడేలా ఎందుకు?"

బాబాయ్ సీసా మూత బిగించాడు. "ఔటై వచ్చేవాడి మొహం మీరు చూడరురా. మీరంతా స్కోరుబోర్డు చూస్తారు. నేను చూస్తాను, తలుపు పక్కనే కదా నా బల్ల. కడుపు మండినవాళ్లకి తిట్టడానికో మనిషి కావాలి. ఆ మనిషి నేనైతే ఏం పోయింది? నాకేమన్నా సగటుందా పడిపోవడానికి? నన్ను తీసేస్తే ఏ నంబర్లోంచి తీస్తారు?"

ఓపెనర్ దారికడ్డంగా ఉన్న కిట్ బ్యాగుని పక్కకి జరిపాడు. "లోపలికి రా బాబాయ్" అన్నాడు.

"మేనేజర్ ఒప్పుకోడు."

"నేను చెప్తాను."

"చెప్పినా వినడు. అయిపోయింది" అంటూనే స్టూలు మడిచి చంకన పెట్టుకున్నాడు.

"ఆయన లేకపోతే నాకు బ్యాటింగ్ రావట్లేదు సార్" అన్నాడు ఓపెనర్, మేనేజర్‌తో.

"ఉన్నప్పుడు మాత్రం వచ్చిందా?" అన్నాడు మేనేజర్. అన్నాడే గానీ రానిచ్చాడు.

ఆ మ్యాచ్ ఎలాగో బౌలర్లు గట్టెక్కించారు. ఇక ఆఖరి లీగ్ మ్యాచ్ ఒక్కటే మిగిలింది. గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి. దానికి ఓపెనర్‌నీ ఉంచారు, ఎడమచేతివాణ్ణి ఐదో నంబర్లో పెట్టారు. ఇద్దర్నీ పక్కపక్కన తూచి ఒకర్ని ఉంచుకుంటారని గదిలో అందరికీ తెలుసు. ఆ ఇద్దరికీ మరీ బాగా తెలుసు.

ఓపెనర్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి నిట్టూర్పు వినపడింది. "వీడా! గార్డు తీసుకునేలోపే పోతాడు. అయిపోయింది." గదంతా బాబాయ్ మీద విరుచుకుపడింది. ఓపెనర్ మెట్లు దిగుతూ నవ్వుకున్నాడు. తను సున్నాకి పోయినా లోపల తిట్లు తినే మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆ ధీమాతో భుజాలు వదులయ్యాయి. బంతి బ్యాట్ మధ్యలో తగలడం మొదలుపెట్టింది. డెబ్బైకి పైగా కొట్టి, ఒక మంచి బంతికి ఔటై వచ్చాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

"నేను పోతాడన్నానా? పోయాడుగా!" అన్నాడు బాబాయ్.

కాసేపటికి మైదానంలో ఆడుతున్న కెప్టెన్‌కి పిక్క పట్టేసింది. బాబాయ్ సీసా పట్టుకుని పరిగెత్తాడు. ఎంత పిసికినా లాభం లేక, కెప్టెన్ బాబాయ్ భుజం మీద చెయ్యేసి కుంటుకుంటూ వెనక్కి బయల్దేరాడు. ఎడమచేతివాడు ఉన్నపళంగా దిగాలి. వాడు లేచాడు. హెల్మెట్ పట్టీ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించడం లేదు. గదిలో ఎవరూ కిక్కురుమనలేదు. బాబాయ్ ఇంకా బౌండరీ దగ్గరే ఉన్నాడు.

వీడు పోతే తన చోటు పదిలం. ఓపెనర్‌కి ఆ సంగతి తట్టకపోలేదు. కానీ వాడు ఔటై వచ్చి తోయబోయే తలుపు, ఆ మూల కుర్చీ కూడా తట్టాయి. అతను లేచి నిలబడి గొంతు చించుకున్నాడు.

"వీడా! వీడు రెండో బంతికే పోతాడు. అయిపోయింది!"

కీపర్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఎడమచేతివాడు తెల్లమొహం వేసుకుని వెళ్లాడు. సరిగ్గా రెండో బంతికే పోయాడు.

"నీ నోరు పడిపోను! మాకు బాబాయ్ ఒక్కడు చాలడా?" అని కీపర్ గ్లవ్ విసిరాడు.

"నీ చోటుకి వచ్చాడని కుర్రాణ్ణి శపిస్తావా? సిగ్గు లేదూ?" అని కోచ్ ఊగిపోయాడు. తలుపు దగ్గర నిలబడ్డ సెలెక్టర్ కూడా విన్నాడు. ఓపెనర్ తలొంచుకుని బ్యాట్ తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎడమచేతివాడు లోపలికి వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. వాడి వైపు ఎవరూ చూడలేదు. ఎవరో మంచినీళ్లు అందించారు.

బల్ల మీద కెప్టెన్ పిక్క పిసుకుతున్న బాబాయ్ ఇదంతా చూశాడు. కాసేపాగి ఓపెనర్ వెనకగా వచ్చి, పాత కుడి భుజం మీద చెయ్యేసి చెవిలో అన్నాడు. "ముందు నిట్టూర్చాలిరా. అప్పుడు నమ్ముతారు."

మ్యాచ్ ఆఖరి ఓవర్లో పోయింది. కిట్ బ్యాగులు అప్పటికే బస్సులో ఉన్నాయి కాబట్టి బయల్దేరడం మాత్రం తేలికైంది. బస్సు కదిలాక ఓపెనర్ బాబాయ్ పక్కన చేరాడు.

"వచ్చే సీజన్‌కి నన్ను ఉంచుతారంటావా బాబాయ్?" అని ఓపెనర్ మెల్లిగా అడిగాడు.

"ఉంచరు. అయిపోయింది."

ఆ మాటకి అతని ప్రాణం ఎంత కుదుటపడిందంటే, ఇల్లు చేరేదాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు.

కొత్త సీజన్ మొదటిరోజు మాలిష్ బల్ల దగ్గర ఓపెనర్, ఎడమచేతివాడు ఇద్దరూ వరసలో నిలబడ్డారు. సెలెక్టర్ ఏమనుకున్నాడో గానీ ఇద్దర్నీ ఉంచాడు. పైగా ఇద్దర్నీ కలిపి ఓపెనింగ్ పంపుతారట. బాబాయ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తీరిగ్గా నిట్టూర్చాడు.

"మీరిద్దరూ జంటా? ఒకణ్ణొకడు రనౌట్ చేసుకుంటారు. అయిపోయింది."

"బల్లెక్కనా బాబాయ్?" అన్నాడు ఓపెనర్, చొక్కా విప్పుతూ.